గంట తాడు అందని భుజం

2006లో నాచారంలో, మల్లాపూర్ వెళ్లే దారిలో, ఒక షట్టర్ గదిలో నా క్లినిక్ ఉండేది. బోర్డు మీద ‘ఫిజియోథెరపీ’ అని రాయిస్తే వీధిలో చాలామంది ‘ఫీజు థెరపీ’ అని చదివేవారు. నాకు వచ్చే ఫీజు చూస్తే థెరపీ నాకే అవసరం.

ఆ వేసవిలో సరోజమ్మ వచ్చింది. ఉప్పల్ మీదుగా తిరిగే సిటీ బస్సులో కండక్టరు. కుడి చెయ్యి భుజం ఎత్తు దాకా కూడా రావడం లేదు. నేను పట్టుకుని ఎత్తబోయినా అక్కడే ఆగింది. బయటికి తిప్పబోతే ఆవిడ పళ్లు బిగబట్టింది. చెయ్యి సొంత మనిషికీ లొంగక, పట్టుకుని ఎత్తే ఎదుటివాడికీ లొంగకపోతే అది చాలావరకు ఫ్రోజెన్ షోల్డర్. కీలు చుట్టూ సంచిలా ఉండే పొర మందమై, మొదటి ఉతుకుకే కుంచించుకుపోయిన చొక్కాలా పట్టేస్తుంది.

“వచ్చే నెల డ్యూటీకి మెడికల్ టెస్టు ఉంది సార్. చెయ్యి లేవకుంటే అన్‌ఫిట్ అంటరు. నౌకరి పోతే ఇల్లెట్ల నడవాలె?”

షుగరున్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని పరీక్ష చేయించాం, లేదు. తీవ్రమైన నొప్పి దశ దాటింది, మిగిలింది బిగువే. వేడి కాపడం, గోడ మీద వేళ్లు పాకించడం, కర్ర పట్టుకుని సాగదీయడం మొదలుపెట్టాం. వచ్చినప్పుడల్లా గోనియోమీటర్‌తో, అంటే కీలు ఎంత కోణం కదిలిందో చూసే కొలబద్దతో, కొలిచేవాణ్ణి. అంకె కదిలేది కాదు.

నాకు భయం పట్టుకుంది. ఎముకల డాక్టరుకు ఎక్స్‌రే చూపిస్తే ఆయనా నా మాటే అన్నాడు. ధైర్యం రాకపోగా దిగులు పెరిగింది. రోగం పేరు సరైనదే అయితే వైద్యమే తప్పన్నమాట.

“ఇంట్లో చేస్తున్నారా సరోజమ్మా?”

“పొద్దున, మాపున జేస్తున్న సార్. ఒట్టు!”

ఆగలేక ఒకరోజు ఆవిడ బస్సే ఎక్కాను. స్టాపు వచ్చింది. డ్రైవరుకు గంట కొట్టేందుకు పైకప్పు పొడవునా కట్టిన తాడు వైపు ఆవిడ చూడనైనా లేదు. కూరగాయల గంపతో ఉన్న పెద్దమ్మ లేచి గుంజింది. తర్వాతి స్టాపులో ఒక కాలేజీ పిల్ల: “అక్కా, నువ్వు టికెట్లు కొట్టు, గంట నేను కొడత.” సరోజమ్మ కుడి చెయ్యి పొద్దంతా పక్కకే అతుక్కుని ఉంది. ఇంట్లో కాసేపు సాగిన భుజాన్ని బస్సు బస్సంతా కలిసి ప్రేమగా బిగించేస్తోంది.

లేచి నిలబడి, ఆవిడ భుజానికి వైద్యం చేస్తున్నది నేనేనని చెప్పి, దయచేసి ఆ తాడు ఎవరూ ముట్టుకోవద్దన్నాను.

“ఏం డాక్టరువయ్యా నువ్వు!” అంది పెద్దమ్మ. “ఆడమనిషికి నొస్తుంటే సూసుకుంట కూసోమంటవా?”

“నేను డాక్టర్ని కాదమ్మా.”

“గట్ల చెప్పు మరి! గందుకే!”

బస్సంతా నవ్వింది. నేను ముందుకెళ్లి డ్రైవరుకు సంగతి చెప్పాను.

డ్రైవరు యాదగిరి తాడుకు ఒక నాడా ముక్క కట్టి, ఆవిడ ఛాతీ ఎత్తుకు వేలాడదీశాడు. “గుంజొద్దక్కా, అందుకో చాలు” అన్నాడు. అందడం తేలికైనప్పుడల్లా ఒక ముడి వేసి నాడాను పొట్టి చేశాడు. చాలా రోజుల తర్వాత ‘రైట్ రైట్’ అనే నోటికీ, ఆ రైటు చేతికీ మాట కలిసింది.

మెడికల్ రోజున మోకాలి నొప్పితో వచ్చినాయనకు నొప్పి లేని మోకాలికి కాపడం పెట్టాను. ఆయనే ఓపిగ్గా రెండోది చూపించాడు. మధ్యాహ్నానికి సరోజమ్మ వచ్చింది.

“చెవు దాటింది సార్. నిండా లేవలే. డ్యూటీ జేసుకో, మళ్ల సూస్తనన్నడు డాక్టరు.”

అప్పటిదాకా చెవులకంటుకున్న నా భుజాలు కిందికి దిగాయి.

అప్పటినుంచి భుజం నొప్పి అంటూ ఎవరు వచ్చినా, నొప్పి ఎంత ఉందని అడిగేముందు, మీ పనులు ఎవరు చేసిపెడుతున్నారని అడుగుతాను. కూతురు జడ వేస్తోందంటారు, ఆయన పై అరలోంచి డబ్బాలు తీసిస్తున్నాడంటారు. ఆ మంచి మనుషులనూ క్లినిక్కుకు పిలిపిస్తాను. వాళ్లను కాసేపు చేతులు కట్టుకుని కూర్చోమని ఒప్పించడం మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా చేతకాలేదు.