మీ ఇష్టం అంటే కుదరదండీ

మోండా మార్కెట్ సందులో అగరుబత్తుల దుకాణం దాటేటప్పుడు ఆ చందనపు పొడి వాసనకు నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. సత్యవతి మేడం గుర్తొస్తారు. ఎదుగుదల లోపాలతో పుట్టి పెద్దవాళ్లైనవారు పగటిపూట వచ్చి అగరుబత్తులు ప్యాక్ చేసే చిన్న కేంద్రం ఒకటి సికింద్రాబాద్‌లో ఉండేది. దానికి ఆవిడే పెద్ద. విజయనగరం వైపు మనిషి. ఇక్కడ ఎన్నేళ్లున్నా ఆ యాస ఆవిడను వదల్లేదు. నాకది మొదటి ఉద్యోగం. కేంద్రంలో తమను ఎలా చూసుకుంటున్నారో వాళ్లనే అడిగి తెలుసుకోవడం నా పని. వినడానికి ఎంత తేలికో!

భోజనం ఎలా ఉందంటే "మంచిగుంది". టీచర్లు? "మంచిగున్రు". ఏం మార్చమంటారంటే "మీ ఇష్టం". తినమంటే తిని, పడుకోమంటే పడుకుని పెరిగినవాళ్లు. ఎదురు చెప్పకపోవడమే బుద్ధిమంతుల లక్షణమని ఇంటిల్లిపాదీ నూరిపోశారు. నేను సంబరంగా, "అందరు ఖుష్‌గనే ఉన్నరు మేడం," అన్నాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, "మా అత్తారింట్లో నన్నడిగినా అలాగే చెప్పేదాన్నమ్మా," అన్నారు.

ఆ రోజుల్లోనే కేంద్రానికి వ్యాన్ వచ్చింది. యాప్రాల్ దాకా తిరిగి అందరినీ ఇళ్ల దగ్గరే ఎక్కించుకుంటుంది, ఇక ఎవరూ విడిగా రానక్కర్లేదన్నారు. ఇళ్లవాళ్లంతా దండం పెట్టారు. చిక్కల్లా రమేశ్ గురించే. నలభై దాటిన మనిషి, బేగంపేట నుంచి ఎంఎంటీఎస్ రైల్లో ఒక్కడే వచ్చేవాడు. వాళ్లన్న నెలల తరబడి వెంట తిరిగి నేర్పించిన ప్రయాణం అది. వ్యాన్‌లో వస్తావా అంటే, మామూలే, "మీ ఇష్టం".

మేడం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, బల్ల దగ్గర అతని పక్కన కూర్చుని తనూ ప్యాకింగ్ మొదలుపెట్టారు.

"రమేశ్ గారూ, మీతో చిన్న మాటండీ."

అతను ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"నేనా?"

"మీరే."

చేతిలో ప్యాకెట్ పక్కన పెట్టి, చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. ఆ గుండీ చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"వ్యాన్ మంచిగుందా?"

"మంచిగుంది."

"రైలో?"

"మంచిగుంది."

"రెండిట్లో ఒకటే ఉంటాదండీ. ఏటుండాలి?"

"మీ ఇష్టం."

"అలాగంటే కుదరదండీ. నా ఇష్టం నేను చెప్పుకుంటాను. మీది మీరే చెప్పాలి."

అతను తల వంచుకుని, పక్కన పెట్టిన ప్యాకెట్‌ను మళ్లీ తీసి అటూ ఇటూ తిప్పాడు. ఉండబట్టలేక నేను నోరు తెరవబోతే, మేడం బల్ల కింద నా చెయ్యి గట్టిగా నొక్కారు. ప్యాకెట్ కింద పెట్టి అతను తలెత్తాడు.

"వ్యాన్‌ల నన్ను ఎక్కిస్తరు. రైలు నేనే ఎక్కుత."

వాళ్లన్న మండిపడ్డాడు. "వ్యాన్ ఉండంగ రైలెందుకు? వానికేం తెలుసు మేడం? జెర ఏమన్న అయితే జిమ్మెదారి ఎవరిది?"

"భయం మీకే కాదు, నాకూ ఉందయ్యా. కానీ ప్రయాణం ఆయనది. అడిగీసి, చెప్పాక వినకపోతే, ఎందుకడిగినట్టు?"

అన్న చాలాసేపు గొణిగి, చివరికి, "దిగినంక ఫోన్ చెయ్యాలె మరి," అన్నాడు. రమేశ్‌కు రైలు దక్కింది.

మేడం రిటైరయ్యే ముందు నన్ను పిలిచి, "నా గురించి కూడా అడుగమ్మా. నేను బయటికెళ్తాను," అన్నారు. రమేశ్ గారిని అడిగాను. ఈసారి ఆలోచించనైనా లేదు.

"మేడం మంచిది. గని ఊకె అడుగుతది. పని కానియ్యది."

నీళ్లు నములుతూ ఆ మాటే ఆవిడకు చెప్పాను. కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "నా మీద చాడీ చెప్పీసేడమ్మా! ఇంకేటి కావాలి?" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను మరోచోట అదే పని చేస్తున్నాను. అందరూ బాగుందన్న రోజు నాకు నిద్ర పట్టదు. ఎవరైనా నా మొహం మీదే నన్ను తప్పుపడితే మనసు చివుక్కుమంటుంది, అబద్ధమెందుకు. ఆ వెంటనే, ఈ మనిషికి నేనంటే భయం పోయిందని తెలుస్తుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఇంకా చెప్పండి," అంటాను.