అమావాస్యకు ఊరు తిప్పిన అత్త

మా మామ ఫోన్ చేస్తే ముందుగా వినిపించేది ఆయన గొంతు కాదు, మగ్గం చప్పుడు. నగరిలో వాళ్ల ఇంటి ముందు గదిలో రెండు పవర్‌లూములు పొద్దస్తమానం కొట్టుకుంటూనే ఉంటాయి. ఆ మోత మీదుగా అరిచి మాట్లాడటం ఆయనకు ఎంత అలవాటంటే, పక్కన కూర్చున్నా అరిచే మాట్లాడతాడు. పోయిన నెల ఒకరోజు ఉదయం తిరుపతిలో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే ఆయన ఫోన్ వచ్చింది. అవతల ఏ చప్పుడూ లేదు. ఆ రోజు అమావాస్య కాదు. మామ నోరు తెరవక ముందే చేతిలోని తడి చీరను మళ్లీ బకెట్లో పెట్టేశాను.

"అమ్మీ, మీ అత్త పోయిందిమే. తెల్లారి కాఫీకి లేపితే లేయలేదు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడగా విన్నాను.

అమావాస్య మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. నేతపని వాళ్లకు ఆదివారం సెలవు కాదు. అమావాస్యే సెలవు. ఆ రోజు మగ్గం ఎక్కరు. మా వీధిలో మగవాళ్లు ఆ రోజంతా నిద్రపోయేవాళ్లు, ఆడవాళ్లు నెలంతా పేరుకున్న ఇంటిపని చేసుకునేవాళ్లు. మా అత్త మాత్రం తెల్లవారేసరికి చింతపండు చిత్రాన్నం, పెరుగన్నం మూట కట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేది. ఆమె మా నాయనకు అక్క. మా ఇల్లూ ఆ వీధిలోనే. "ఎవరెవరొస్తారో రాండి. ఇల్లు యాడికీ పారిపోదు, మనమే పోవాల" అని కేక వేసేది. పిల్లలం, ఇద్దరు ముగ్గురు పక్కింటి ఆడవాళ్లూ కలిసి, ఎప్పుడూ ఏడెనిమిదిమందికి తక్కువ కాకుండా ఆమె వెంట బస్టాండుకు నడిచేవాళ్లం.

అలా నేను చూసిన ఊళ్లకు లెక్కలేదు. కైలాసకోన జలపాతం కింద తడిసి ముద్దయ్యాం. చంద్రగిరి కోటలో రాజమహల్ మెట్ల మీద కూర్చుని చిత్రాన్నం తిన్నాం. ఒకసారి రైళ్లు చూపిస్తానని పాకాల జంక్షనుకు తీసుకెళ్లింది. అక్కడ రైళ్లు తప్ప చూడటానికి ఏమీ లేదు. సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుని, కాట్పాడి వెళ్లే బండి ఏదో, తిరుపతి వెళ్లే బండి ఏదో పందేలు కాసుకుంటూ ఎంత సంతోషపడ్డామో ఇప్పుడు మా పిల్లలకు చెబితే జాలిగా చూస్తారు.

బస్సులో అత్త పక్కన కూర్చోవడమంటే సాహసమే. పక్క సీటులో ఎవరున్నా వాళ్ల పంచె అంచో, చీర కొంగో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి చూసేది. "ఇది యాడ కొంటివబ్బా? పేక పలసనగా ఉండాది, రెండు ఉతుకులకు జల్లెడ అయిపోతాది" అనేది. ఎదుటివాడు కోపగించుకునేలోపే వాడి ఊరు, కులదైవం, ఎంతమంది పిల్లలు అన్నీ అడిగేసి, మన చిత్రాన్నం ఇంత వాడి చేతిలో పెట్టేది. దిగేటప్పుడు వాడు "మా ఊరికి రాండక్కా" అనేవాడు. ఈమె నిజంగానే వెళ్లేది. అదే వచ్చిన చిక్కు.

ఆమె ప్రయాణాలన్నిటికీ ఒకే షరతు. దీపం పెట్టే వేళకు ఇల్లు చేరాలి. ఇంట్లో ఆమె అత్తగారు, మేం అవ్వ అని పిలిచే ముసలామె, కోడలు వచ్చి దీపం పెట్టి అన్నం కలిపి పెడితే తప్ప ముద్ద ముట్టేది కాదు. అత్తకు దాని మీద విసుగేమీ ఉండేది కాదు. "నాకోసరం కడుపు మాడ్సుకునే మనిషి ఇంకెవురుండారు?" అని నవ్వేది. మామ ఏ ప్రయాణానికీ వచ్చేవాడు కాదు. అమావాస్యనాడు ఆయన మగ్గం విప్పి, దుమ్ము దులిపి, ప్రతి కీలుకూ నూనె పోసేవాడు. "సెలవు మనిషికే, మగ్గానికి కాదు. దానికి తలంటు పోసేది ఈ పొద్దే" అనేవాడు. అందుకే నగరికి ఒక్క పూట ప్రయాణంలో సముద్రం ఉన్నా, అన్నేళ్లూ మామ దాన్ని చూడలేదు.

అత్తకు అన్ని ఊళ్లకంటే సముద్రమే ఇష్టం. తిరుత్తణి మీదుగా బస్సులు మారి మహాబలిపురం చేరేసరికి పొద్దు నెత్తికెక్కేది. చెప్పులు చేతపట్టుకుని నీళ్ల దగ్గరికి వెళ్లి, ముందు దండం పెట్టి, తర్వాత కాలు పెట్టేది. "పెద్దోళ్లింటికి పోతే వాకిట్లో నిలబడి అడగల్ల కదా" అనేది. ఒంటిగంటకల్లా మళ్లీ బస్సు.

ఒకసారి బస్సులో కలిసిన చెంగల్పట్టు ఆవిడ ఎవరో ఆమెకు చెప్పింది, సముద్రంలోంచి చందమామ పైకి వస్తుంటే చూడాలి, చూడకపోతే జన్మ ఎందుకని. ఆ మాట అత్త బుర్రలో దూరింది. ఇక పడుకున్నా లేచినా అదే ధ్యాస. తర్వాతి ప్రయాణానికి అవ్వను ముందే బతిమాలి ఒప్పించింది, ఆ ఒక్క రోజుకీ దీపం మామే పెట్టేట్టు. మేం ఎనిమిదిమందిమి మహాబలిపురం ఇసుకలో వరసగా, తూర్పుకు తిరిగి కూర్చున్నాం. పొద్దు మునిగింది. చీకటి పడింది. చందమామ జాడ లేదు. "మబ్బు పట్టిందేమో" అన్నారొకరు. ఆకాశం నిండా చుక్కలు. "పెద్ద ఊరు కదా, నిదానంగా వస్తాడేమోలే" అంది అత్త. సుండల్, అంటే మన గుగ్గిళ్లు, అమ్ముకునే ముసలాయన మా ముందు నుంచి రెండుసార్లు పోయి, మూడోసారి ఆగి, దేనికోసం చూస్తున్నారని అడిగాడు. చందమామకోసం అని చెప్పాం. ఆయన తలమీది గిన్నె దించి, ఒక్కొక్కరి మొహమూ పరికించి, "ఇన్నిక్కి అమావాసైమా" అన్నాడు, ఈ రోజు అమావాస్య కదమ్మా అని.

ఎవరికీ తట్టలేదు. సెలవంటే అమావాస్య, అమావాస్యంటే సెలవు. ఆ రోజు చంద్రుడు ఉండడన్న సంగతి మా నేతవాళ్ల వీధివాళ్లం ఎనిమిదిమందిమీ ఒకేసారి మరిచిపోయాం. అత్త ఇసుకలో పడి పొర్లి పొర్లి నవ్వింది. సుండల్ ఆయన కూడా కూర్చుని నవ్వాడు. తిరుగు బస్సంతా నవ్వుతూనే ఉన్నాం. ఇంటికొస్తే, ఒప్పుకుని కూడా అవ్వ అన్నం ముట్టకుండా గోడకు తిరిగి పడుకుని ఉంది. అత్త ఆమె పక్కన చతికిలబడి, జరిగిందంతా చెప్పి, "మా సెలవూ చందమామ సెలవూ ఒకే దినం పడె అత్తా, ఏం సేసేది" అంది. అవ్వకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే తినింది.

నవ్వులాటగా పోయినా, ఆ కోరిక మాత్రం పోలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టేది అత్తే, ఆమె కదిలితే మగ్గం ఆగాలి; పౌర్ణమికి మగ్గం ఆపడం అనేది మామ ఇంట్లో లేని మాట. అవ్వ పోయింది, నేను పెళ్లై తిరుపతి వచ్చేశాను, చెక్కమగ్గాల స్థానంలో పవర్‌లూములు వచ్చాయి. అమావాస్య ప్రయాణాలు సాగుతూనే ఉన్నాయి, చందమామ మాత్రం మిగిలిపోయింది. అత్త ఎవరినీ అడగలేదు. పౌర్ణమి వస్తే మిద్దెక్కి, "మన చందమామ మిద్దెల్లోంచి వస్తాడు, ఆడ నీళ్లల్లోంచి వస్తాడంట" అని మాత్రం అనేది. పక్కనే నూలు కండెలు సర్దుకుంటూ మామ ఆ మాట వింటుండేవాడు. ఆయనకు పట్టలేదనే మేమంతా అనుకున్నాం.

రెండేళ్ల కింద తిరుపతిలో డాక్టరు అత్త గుండె బలహీనంగా ఉందని, మెట్లెక్కకూడదని, బస్సు ప్రయాణాలు తగ్గించమని చెప్పాడు. ఆసుపత్రి బయట బెంచీ మీద అత్త మామూలుగానే ఉంది. "కాళ్లుండేది పొయ్యేదానికే, మంచం మీద సాపుకునేదానికా?" అని నన్నే ఓదార్చింది. మామ మాత్రం ఉన్నట్టుండి ఆసుపత్రి అంతా వినిపించేలా అరిచాడు. "ఈ వచ్చే పౌర్ణమికి మగ్గం ఆపుతాండా. కారు మాట్లాడుమే అమ్మీ."

అలా ముగ్గురం శ్రావణంలో మహాబలిపురం వెళ్లి, ఒక చిన్న లాడ్జిలో దిగాం. పౌర్ణమికి ముందురోజు వెళ్లి, పౌర్ణమి మరుసటి ఉదయం తిరిగి రావాలని ఏర్పాటు. అత్తకు విశ్రాంతిగా ఉంటుందని సముద్రం కనిపించే గది తీసుకున్నాను. నా తెలివి తెల్లవారినట్టే ఉంది. గదిలో సంచి పెట్టగానే ఆమె లాడ్జి యజమానురాలి దగ్గరికి పోయి, "ఈడినించి పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చే ఊర్లు ఏమేముండాయమ్మా?" అని అడిగింది. సముద్రం ఒడ్డున కూర్చోబెడదామని తెస్తే, అక్కడి నుంచి మళ్లీ ఊళ్లు.

ఆ మధ్యాహ్నమే దగ్గర్లో కొండ మీది గుడి, తిరుక్కళుకుండ్రం. కొండ ఎక్కకూడదు కనుక, కింద నీడలో కూర్చుని నన్ను ఎక్కించి, దిగి వచ్చాక పైన ఏముందో మెట్టుమెట్టుకీ చెప్పించుకుంది. నాకు ఆయాసం, ఆమెకు ఆనందం. మరునాడు కాంచీపురం. లాడ్జిలో పక్కగదిలో దిగిన విజయనగరం కొత్త జంట టీవీ చూస్తూ కూర్చున్నారని, వాళ్లనూ లేవదీసి కారెక్కించింది. "టీవీ మీ ఊర్లో లేదా నాయనా?" అని. కాంచీపురంలో ఒక పట్టు నేతగాడి ఇంట్లో దూరి, మామా ఆయనా ఒకరి భాష ఒకరికి సగమే వచ్చినా, మగ్గం పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరూ అరుస్తూనే. కొత్త పెళ్లికూతురు తను కట్టుకొచ్చిన పెళ్లిచీర గురించి అత్తను అడిగింది. అత్త అంచు నలిపి చూసి, మొదటిసారి ఒకరి గుడ్డకు వంక పెట్టలేదు. "బాగుండాది తల్లీ, మనవరాలికి కూడా కట్టొచ్చు" అంది.

కానీ సాయంత్రాలే మా మాట వినలేదు. మొదటి రోజు మబ్బు. పౌర్ణమి రోజు కాంచీపురం నుంచి పరుగున వచ్చి ఇసుకలో కూర్చున్నామో లేదో, వాన. తడుస్తూ చాలాసేపు చూశాం. చివరికి అత్తే లేచి, "సాల్లే పాండి. మగ్గం ఆగి రెండు దినాలాయె. సూసినంత మటుకు మనదే, సూడంది ఆ ఊరోళ్లది" అని నడిచింది. ఆ మాట ఆమె ఎన్నోసార్లు అనగా విన్నాను. ఆ సాయంత్రం మాత్రం నాకు ఏడుపొచ్చింది. డాక్టరు మాట మా ముగ్గురికీ గుర్తుంది.

పొద్దున నేను సంచులు సర్దుతుంటే మామ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఈ పొద్దు పొయ్యేది లేదు. ఇంగో దినం ఉంటాం."

"పౌర్ణమి అయిపాయె కదయ్యా" అంది అత్త.

"పౌర్ణమి పోతే పాడ్యమి. ఒక్కరవ్వ ఆలిశంగా వస్తాడు, అంతే కదా. రాకుండా యాడికి పోతాడు?"

"మగ్గం?"

"గమ్మునుండు" అన్నాడు మామ. మగ్గం గురించి మామను మాట్లాడనివ్వకుండా ఆపినవాళ్లను చూశాను గానీ, మామే ఇంకొకరిని ఆపడం అదే మొదటిసారి చూడటం.

ఆ సాయంత్రం ఆకాశం కడిగినట్టుంది. పొద్దు మునిగి చీకటి పడింది. ఒడ్డున జనం తమ పనుల్లో తాము ఉన్నారు, సగంమంది సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగుతున్నారు. విజయనగరం జంట మా పక్కనే కూర్చున్నారు. అత్త తూర్పు నుంచి కన్ను తిప్పడం లేదు. 

ముందు నీళ్ల అంచున ఒక ఎర్రటి గీత కనిపించింది. ఏ పడవలోనో దీపమనుకున్నాను. అది లావైంది. కొంచెం నలిగినట్టు, పెద్దగా, నారింజపండు రంగులో చందమామ నీళ్లలోంచి లేచాడు. అత్త మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి నిలబడి, వెనక్కి తిరిగి, ఒడ్డంతా వినిపించేలా కేక పెట్టింది.

"ఇట్ల తిరగండప్పా, వచ్చినాడు. మీ మొగాలు రేపు సూసుకోవచ్చు."

తెలుగు వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ తిరిగారు. ఫోటోలు దిగేవాళ్లు, ఐస్‌క్రీం బండివాడు, గుర్రం తోలేవాడు కూడా. 

మా మేనత్త నాకు చదువు చెప్పలేదు, ఆస్తి ఇవ్వలేదు. ఉన్నచోటు నుంచి పొద్దున బయల్దేరి పోయి, లోకాన్ని కాస్త చూసి, మళ్లీ ఇంటికి వచ్చి దీపం పెట్టుకోవచ్చని నేర్పింది. ఆమె కర్మనాడు వీధిలో వాళ్లంతా నన్ను ఫలానా ఊరు తీసుకెళ్లింది, నన్ను ఫలానా ఊరు అని చెప్పుకుని నవ్వుతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు ఇది చావిల్లేనా అని సందేహపడ్డారు. ఆమెకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆ నవ్వుల మధ్యే తెలిసింది.

ఆ పాడ్యమి సాయంత్రం చందమామ పైకెక్కి తెల్లబడేకొద్దీ నీళ్ల మీద మా కాళ్లదాకా వెన్నెల దారి పడింది. అప్పటిదాకా ఇసుకలోనే నిలబడి ఉన్న మామ లుంగీ పైకి ఎగ్గట్టి, ఆ దారిలో నీళ్లలోకి నడిచాడు. మోకాళ్లు దాటాయి. "సాలు, ఇంగ లోపలికి పోవద్దయ్యా" అని అత్త పిలిచింది. అల వచ్చి నడుముదాకా తడిపింది. డెబ్భై దగ్గరపడిన మనిషి, రెండు చేతులూ చాపి, వినపడనట్టు ఇంకో అడుగు వేశాడు. అత్త ఆయన చెప్పులు రెండూ గుండెకు ఆన్చుకుని, నవ్వుతూ, ఒడ్డున నిలబడి పిలుస్తూనే ఉంది.