ఇరవై రెండు నోటుబుక్కులు

కనిషాయ్ నరిన్ కొండల్లోని ఊరి బడిలో కిర్గిజ్ భాష చెప్పి రిటైరైంది. పాఠం చెప్పేసి ఊరుకునే మనిషి కాదు. వేసవి వస్తే గుర్రమెక్కి మేతబయళ్ళకు పోయేది. కొండకు, కొండమీద, కొండనుంచి అనడానికి కాపరులు మాట చివర ఏ తోక తగిలిస్తారో, నా గుర్రం, నీ గుర్రం అనడానికి ఏది తగిలిస్తారో వాళ్ళ గుడారాల్లో కూర్చుని రాసుకునేది. "ఈవిడకి గుర్రాలకంటే వాటి తోకలే ముద్దు" అని కాపరులు ఎకసెక్కాలాడేవారు. ముప్పై ఏళ్ళకు ఇరవై రెండు నోటుబుక్కులు నిండాయి. అవి పుస్తకమై, అట్ట మీద తన పేరు చూసుకోవాలన్నదే ఆమె కోరిక.

అచ్చువేయిస్తానని మెలిస్ వాటిని పట్టుకెళ్ళాడు. ఆమె శిష్యుడే, ఇప్పుడు బిష్కెక్‌లో ప్రొఫెసరు. నాలుగేళ్ళు "ఇదిగో అక్కా, అదిగో అక్కా" అంటూ గడిపాడు.

ఆ ఆదివారం విందుకని గొర్రెను తోలుకుని తనే వచ్చాడు. "శుభవార్త అక్కా! కానుకిస్తేగానీ చెప్పను!" అని గుమ్మంలోంచే అరిచాడు. శుభవార్త తెచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపకూడదు. పోయిన భర్త తొలొగొన్ వెండి నడికట్టు తీసి ఇచ్చేసింది. అప్పుడు పుస్తకం చేతిలో పెట్టాడు.

అట్ట మీద మెలిస్ పేరుంది. లోపల ఎక్కడా ఆమె పేరు లేదు. 'నుంచి' దగ్గర ఉదాహరణ: "ఆ కనుమనుంచి నా తొలొగొన్ తిరిగి రాలేదు." భర్త మంచుతుపానులో పోయిన ఏడు ఆమె ఏడుస్తూ రాసుకున్న వాక్యం అది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూసింది గానీ, గుడారం వాసాలతో సహా ఊడబెరుక్కుపోయినవాణ్ణి ఇప్పుడే చూస్తోంది.

"నా పేరేదిరా?"

"పల్లెటూరి టీచరు పేరైతే అచ్చు వెయ్యం అన్నారు ప్రెస్సువాళ్ళు, అక్కా. అయినా మీరు నాకు అమ్మలాంటివారు. అమ్మది కొడుకుది కాదా?"

పెరట్లో ఇరుగుపొరుగు చేరారు. వాళ్ళలో షేయ్‌షెన్ గొర్రె కాళ్ళు కట్టి కత్తి తీశాడు. అక్కడున్నవాళ్ళలో పెద్దవాళ్ళు దీవించందే కత్తి పడదు. "కనిషాయ్, నువ్వే పెద్దదానివి, కానీయమ్మా" అన్నాడు. దీవెన అందుకోవడానికి అందరూ అరచేతులు చాపారు. అందరికంటే ముందు మెలిస్ చాపాడు.

ఆమె చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

"అక్కా, అందరూ చూస్తున్నారు" అని గొణిగాడు మెలిస్.

"చూడనీ. పుస్తకం నువ్వే రాసుకున్నావుగా, దీవెనా నువ్వే చెప్పుకో."

షేయ్‌షెన్ ఆమె మొహంలోకీ, ఆమె ఒళ్ళోని పుస్తకంవంకా చూశాడు. కత్తి ఒరలో పెట్టి, గొర్రె కాళ్ళ తాడు విప్పేశాడు. ఒక్కొక్కరూ చేతులు దించుకుని దడి దాటి వెళ్ళిపోయారు. మెలిస్ చేతులు మాత్రం ఇంకా చాచే ఉన్నాయి.