తలుపు దగ్గర పక్క

హోటల్లో ఆమెను అందరూ నాలుగో అంతస్తు అక్క అంటారు. ఆ అంతస్తులో ఏ గది తలుపు తీసినా కనిపించే పక్క ఆమె చేత్తో పరిచినదే. దుప్పటి మూలలు మడిచి పరుపు కింద దోపిందంటే, ఎంత దొర్లే మనిషి పడుకున్నా అవి ఊడిరావు. సాయంత్రం కాగానే దిండ్ల బండి తోసుకుంటూ ఒక్కో తలుపూ తట్టి అడుగుతుంది: "వుడ్ యూ ప్రిఫర్ ఎ సాఫ్ట్ పిల్లో ఆర్ ఎ ఫర్మ్ వన్, మేడమ్?" మెత్తటి దిండు కావాలా, గట్టిది కావాలా అని. ఏళ్ళ తరబడి అడిగీ అడిగీ ఆ ఇంగ్లీషు ముక్క ఆమె నోట్లో వెన్నపూసలా కరిగిపోతుంది.

లోపలి వాళ్ళ జవాబులు ఆమెకు మహా సరదా. "ఐ వుడ్ ప్రిఫర్ ది ఫర్మ్ వన్, ప్లీజ్" అంటాడొకాయన. ఇంకొకావిడ, "ఇఫ్ యూ డోంట్ మైండ్, ఐ వుడ్ రాదర్ నాట్ హావ్ ఫెదర్స్" అంటుంది. మీరేమీ అనుకోకపోతే ఈకల దిండు వద్దండీ, అని. వద్దు అనే మాటను ఇంత మెత్తగా చుట్టి చేతిలో పెట్టొచ్చా అని మొదట్లో ఆశ్చర్యపోయింది. పరాయి మనుషుల ఇష్టాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఇంటికొస్తే మాత్రం నోట్లో నాలుక లేదు. కూర ఏం వండను అంటే ఏదైనా పర్వాలేదు. ఏ రంగు చీర కావాలంటే ఏదైనా పర్వాలేదు. వేలికి కత్తి తెగి రక్తం కారుతున్నా పర్వాలేదు. పర్వాలేదట, పర్వాలేదు! అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అన్నారా? మొహమాటం మరీ అంత ఉంటే మనిషిని చూసి ముచ్చటెయ్యదు, ఒళ్ళు మండుతుంది.

వాళ్ళుండేది ఒక పొడవాటి గది, దానికి ఆనుకుని చిన్న వంటిల్లు. ఆ ఇంట్లోకి మారిన రోజే ఎవరు ఎక్కడ పడుకోవాలో అత్తగారు తేల్చేసింది. కిటికీ పక్కన పెద్ద మంచం కొడుక్కి, రోజంతా వ్యాను నడిపి వస్తాడు కాబట్టి గాలి తగలాలి. గోడవారగా ఉన్న మంచం తనకూ మనవరాలికీ. "నువ్వు అందరికంటే ముందు లేచేదానివి, తలుపు దగ్గర పడుకో. ఎవరి నిద్రా చెడదు" అని కోడలికి మడత మంచం చూపించింది. తలుపు కింద వేలెడు సందు. చలికాలమొస్తే ఆ సందులోంచి వచ్చే గాలికి నడుం కొయ్యబారిపోతుంది. పైగా మంచినీళ్ళకు లేచినా, బాత్రూముకు లేచినా అందరూ ఆమె కాళ్ళు దాటుకునే వెళ్ళాలి. ఆ రోజు ఆమె ఏమంది? ఏమంటుంది, పర్వాలేదంది.

అసలే చలికి పట్టిన నడుం, దానికి తోడు రోజూ పరుపులెత్తడం. ఈ ఏడాది ఒక రోజు వంగిన మనిషి లేవలేకపోయింది. ఇక బరువులెత్తితే మంచం పడతావని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. హోటల్లో బరువెత్తని పని ఒక్కటే ఉంది. కింద గెస్ట్ డెస్క్‌లో కూర్చుని, వచ్చినవాళ్ళకు ఏ గది కావాలో, ఏ సౌకర్యం కావాలో కనుక్కునే పని. దానికి శనివారం మేనేజరు ఇంగ్లీషులో పరీక్ష పెడతాడు. నెగ్గితే డెస్కు, లేకపోతే ఉద్యోగానికి సెలవు. మధ్యేమార్గం లేదు.

ట్రైనింగ్ మేడమ్ ఆమెను ముందుగా కూర్చోబెట్టి రిహార్సల్ చేయించింది. అడిగే వంతు రాగానే అక్క గలగలా అడిగేసింది. మేడమ్ మురిసిపోయింది. "ఇప్పుడు నువ్వు గెస్టువి అక్కా, నేను అడుగుతాను. మేనేజరు గారు రెండు వైపులా చూస్తారు" అంది.

"వుడ్ యూ ప్రిఫర్ టీ ఆర్ కాఫీ?"

"ఎనీథింగ్ ఈజ్ ఫైన్."

"ఎ రూమ్ ఫేసింగ్ ది స్ట్రీట్, ఆర్ ది గార్డెన్?"

"ఎనీథింగ్ ఈజ్ ఫైన్, మేడమ్."

మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. "వీధి వైపో తోట వైపో, ఏదో ఒకటి చెప్పు అక్కా!"

అక్క నీళ్ళు నమిలింది. మాటలు రాక కాదు. ఆ మాటలన్నీ రోజూ వినేవే. ఎంత తడుముకున్నా తనకేం కావాలో దొరకలేదు, అంతే. ఇన్నేళ్ళూ ఆ దిండ్లు మోసింది గానీ ఒక్కదాని మీదా తల పెట్టలేదు. పనివాళ్ళు గెస్టు పక్కల మీద కూర్చోకూడదన్నది అక్కడి రూలు.

"ఇంగ్లీషు నీకు బాగానే వచ్చు. ఇష్టపడటమే రావట్లేదు" అంది మేడమ్. "ఒకటి చెప్తా విను. మనకు కోపిష్టి గెస్టుతో ఏ బాధా లేదు. ఏదైనా పర్వాలేదు అంటుంది చూడు, ఆవిడతోనే కష్టం. ఆవిడకి ఏం పక్క వేస్తావు? ఏది వేసినా పొద్దున్నే నడుం పట్టేసిందంటుంది. ఇంటికెళ్ళి నీకేం కావాలో వెతుక్కుని రా, పో."

ఇంటికి వచ్చి కూలబడింది. అత్తగారు సంగతంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆవిడ నోరంటే వీధి వీధంతటికీ హడల్. "ఓసోస్, ఇంతేనా! నేను అడుగుతా, నువ్వు చెప్పు. ఆ ముక్క ఒకసారి పలుకు."

"వుడ్ యూ ప్రిఫర్."

"వుడ్డూ ప్రిఫర్" అని పట్టేసింది పెద్దావిడ. గరిటె ఎత్తి పట్టుకుని, పోలీసాఫీసరు దొంగని నిలదీసినట్టు మొదలెట్టింది. "వుడ్డూ ప్రిఫర్ మెత్త దిండు ఆర్ గట్టి దిండు?"

"ఎనీథింగ్..."

గరిటె ఠంగున గిన్నె మీద పడింది. "ఉద్యోగం ఊడుతుందే పిచ్చిదానా! కళ్ళు మూసుకో. తల కింద ఏముంటే నీకు హాయి?"

కళ్ళు మూసుకుంది. తను చిన్నప్పుడు అమ్మ పాత చీర నాలుగు మడతలు పెట్టి తల కింద పెట్టేది. ఎంత బాగుండేదో. "ఐ వుడ్ ప్రిఫర్ ఎ థిన్ పిల్లో, ప్లీజ్" అంది నెమ్మదిగా. పల్చటి దిండు. ఆ మాట తన నోట విని తనకే నవ్వొచ్చింది. ఎప్పుడో పారేసుకున్న వస్తువు పెట్టె అడుగున దొరికినట్టయింది.

ఇక ఆగలేదు. టీలో చక్కెర తక్కువ కావాలంది. పచ్చ రంగు కావాలంది. రేడియో సౌండు తగ్గిస్తే బాగుంటుందంది. అన్నీ ఇంగ్లీషులోనే, అన్నీ ప్లీజ్‌తోనే. పదేళ్ళ కూతురు చప్పట్లు కొడుతోంది. అత్తగారికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, అయినా ఊపు మీదుంది.

"వుడ్డూ ప్రిఫర్... పక్క ఎక్కడ?"

అక్క తలుపు వైపు చూసింది. తర్వాత గుక్క తిప్పుకోకుండా అనేసింది. "ఇఫ్ యూ డోంట్ మైండ్, ఐ వుడ్ రాదర్ నాట్ స్లీప్ నియర్ ది డోర్."

"శభాష్! దొరసానిలా ఎంత చక్కగా అన్నావే!" పెద్దావిడ పొంగిపోయింది. "అంటే ఏంటి?"

కూతురికి అర్థమైనట్టుంది, తల దించుకుంది. "ఏదో... గది గురించి అత్తయ్యా" అని అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం మేనేజరు ఆమెను అడగమన్నాడు, అడిగింది. గెస్టుగా కూర్చోమన్నాడు, కూర్చుంది. పల్చటి దిండు చెప్పింది, తక్కువ చక్కెర చెప్పింది. పక్క ఎక్కడ ఉండాలన్నప్పుడు తలుపు దగ్గర మాత్రం వద్దంది, అంతే మర్యాదగా.

"మే ఐ ఆస్క్ వై?" అన్నాడాయన. ఎందుకో అడగొచ్చా అని.

ఈ ప్రశ్నకు రిహార్సల్ లేదు. "ది కోల్డ్ కమ్స్ అండర్ ది డోర్, సర్. అండ్ ఎవ్రీబడీ వాక్స్ ఓవర్ మీ." తలుపు కిందనుంచి చలి వస్తుంది, అందరూ నన్ను దాటుకుని వెళ్తారు. మేనేజరు పెన్నుకు మూత పెట్టాడు. సోమవారం నుంచి డెస్కుకు రమ్మన్నాడు.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది. "నెగ్గావా? నా కడుపు చల్లగా! ఏం చెప్పి నెగ్గావు? నేను చెప్పించిందేనా? ఆ దొరసాని ముక్కేనా?"

"అదే అత్తయ్యా."

"ఇప్పుడైనా దాని అర్థం చెప్పి చావవే!"

మళ్ళీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఇన్నేళ్ళూ చేసిందదే. కానీ పొద్దున పరాయివాడైన మేనేజరుకు చెప్పిన మాట, ఈవిడకు చెప్పకపోవడం ఆమెకే సిగ్గనిపించింది. "మీరేమీ అనుకోకపోతే... తలుపు దగ్గర పడుకోవడం నాకు ఇష్టం లేదత్తయ్యా" అంది. ఇంగ్లీషులో అంత మెత్తగా ఉన్న మాట తెలుగులో గోడకు మేకు దిగినట్టు దిగింది.

అత్తగారి మొహంలో నవ్వు ఎగిరిపోయింది. "ఎప్పట్నుంచి?"

"ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నుంచి."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు ఇన్నాళ్ళూ?"

"మీరు అడగలేదు కదా."

పెద్దావిడ మొహం గంటు పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆ పూట ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. అనవసరంగా నోరు జారానే అని అక్క కుమిలిపోయింది.

ఆదివారం సాయంత్రం బజారు నుంచి వచ్చేసరికి మడత మంచం మీద తన దుప్పటి లేదు. అత్తగారి దుప్పటి, అత్తగారి దిండు ఉన్నాయి. కోడలి పక్క గోడవార, మనవరాలి పక్కన పరిచి ఉంది.

"ఇదేంటత్తయ్యా? ఆ చలికి మీరు తట్టుకోలేరు."

"నాకెక్కడైనా పర్వాలేదు" అంది పెద్దావిడ, ఎటో చూస్తూ.

అక్క నిలబడిపోయింది. ఆ మాట తనది. అచ్చం తనది. ఇంత నోరున్న మనిషి నోట అది ఎన్నిసార్లు విన్నదో ఒక్కసారిగా గుర్తొచ్చింది. తిండి దగ్గర, బట్టల దగ్గర, మందుల దగ్గర. అందరి సంగతీ తేల్చే మనిషి తన సంగతి వచ్చేసరికి ఎక్కడైనా పర్వాలేదనేది. పొద్దున్నే నడుం పట్టేసిందని మూలిగేది కూడా ఈవిడే. ఊళ్ళో ఉన్న పరాయి వాళ్ళందరినీ ఏ దిండు కావాలో అడిగింది గానీ, ఈ ముసలావిడను ఏనాడైనా ఒక్క మాట అడిగిందా?

భుజాన తువ్వాలు వేసుకుని, హోటల్లో గది తలుపు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది. "వుడ్ యూ ప్రిఫర్ ది డోర్, ది వాల్, ఆర్ ది విండో, మేడమ్?"

"చాల్లే సంబడం."

"పర్వాలేదనే గెస్టుకి పక్క వెయ్యడం మా వల్ల కాదు మేడమ్. తేల్చండి."

పెద్దావిడ కొంగు కొస వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది. "విండో అంటే కిటికీయేనా?"

"కిటికీయే."

"ఐ వుడ్డు... ప్రిఫర్ కిటికీ" అంది చిన్న గొంతుతో. "ప్లీజు." కళ్ళు తుడుచుకుంది. "మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ ఆయనకి గాలి కావాలన్నాను. తర్వాత వీడికి గాలి కావాలన్నాను. నాకూ ముక్కు ఉందని నాకే గుర్తులేదు. అక్కడ పడుకుంటే వీధిలో వచ్చేపోయే వాళ్ళు కనిపిస్తారే. అంతకన్నా ఏం లేదు."

ఇద్దరూ కలిసి పెద్దమంచం మీద పక్క మార్చేశారు. కోడలు దుప్పటి మూలలు మడిచి దోపింది, హోటల్లో కన్నా శ్రద్ధగా.

పెద్దావిడ కొడుకు వ్యాను పెట్టి వచ్చి, తలుపు దగ్గర మడత మంచానికి తన్నుకుని కెవ్వుమన్నాడు. "ఇదెవరి పక్క?"

"నీదే" అంది వాళ్ళమ్మ కిటికీ దగ్గర్నుంచి.

"నాదా! నన్నొక్క మాట అడగొచ్చు కదా?"

"ఎందుకడగం? ఈ ఇంట్లో ఇప్పుడు అన్నీ అడిగే చేస్తున్నాం. వుడ్డూ ప్రిఫర్ తల తలుపు వైపా, కాళ్ళు తలుపు వైపా?"

కూతురు పడీ పడీ నవ్వింది. అతను ముగ్గురి మొహాలూ చూసి, ఇక లాభం లేదనుకుని, "కాళ్ళు" అన్నాడు. తర్వాత "ప్లీజ్" అన్నాడు.

సోమవారం పొద్దున పెద్దావిడ నడుం మాట ఎత్తలేదు. ఎత్తింది కొడుకు. కాళ్ళు రుద్దుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. భార్య డెస్కు కోసం ఇచ్చిన కొత్త యూనిఫారం వేసుకుని టీ వడపోస్తోంది.

"తలుపు కింద అంత చలి వస్తోందేంటి? ఇన్నేళ్ళూ దాన్లో ఎలా పడుకున్నావు?"

పర్వాలేదు అనే మాట అలవాటుగా పెదాల దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"చాలా కష్టంగా పడుకున్నాను" అంది, తెలుగులోనే, అతని కళ్ళలోకి చూసి.