మంచికన్నుకు కట్టు

యశ్వంతనగర్‌లో అందరూ కళ్లు చికిలించుకునే నడుస్తారు. ఖనిజం లారీ ఒకటి పోయిందంటే ఎర్రదుమ్ము నేలకు దిగడానికి చాలాసేపు పడుతుంది. అందుకే మనవరాలు రక్షిత కుడికన్ను మూసుకుని, తల పక్కకు వంచి చదువుతుంటే ప్రమీలమ్మ అదీ దుమ్మేననుకుంది. రోజూ సాయంత్రం ఆ కన్ను చన్నీళ్లతో కడిగేది.

బడిలో కళ్లు పరీక్ష చేసినవాళ్లు బళ్లారికి తీసుకుపొమ్మన్నారు. కోడలు రజని తీసుకుపోయి, కళ్లద్దాలతో, అట్టపెట్టె నిండా కంటికి అంటించే పట్టీలతో తిరిగొచ్చింది. కుడికంటికి చూపు బాగా తక్కువట. మెదడు ఎడమకంటినే నమ్ముకుని దాన్ని పక్కన పెట్టేసిందట. అద్దాలు పెట్టి, రోజూ కాసేపు మంచికన్నును మూస్తే రెండోది పని నేర్చుకుంటుందట. పిల్లకు ఏడేళ్లు; ఇంకా ఆలస్యమైతే ఆ చూపు రావడం కష్టమని డాక్టరమ్మ మరీమరీ చెప్పిందట. రజని పగలంతా ఆఫీసులో ఉంటుంది గనుక సెలవుల్లో పట్టీ వేయవలసింది ప్రమీలమ్మే.

"బాలేనిదాన్ని వదిలేసి బాగుండేదానికి కట్టు కడతారా? యాడన్నా ఉండాదా? సుమ్నే, ఊరికే ఏందో ఒకటి చెప్పి పంపినారు" అంది ప్రమీలమ్మ.

మరునాడు కోడలు వెళ్లగానే, తానే తేల్చుకుందామని పిల్లను అరుగుమీద కూర్చోబెట్టి ఎడమకంటిని అరచేత్తో మూసింది. మలుపులో లారీ కనబడింది.

"ఎవురిది మే అది?"

"నాయనది."

నిజంగానే అది కొడుకు ఇంద్రసేన లారీ. గెలిచినట్టు చెయ్యి తీయబోయి ప్రమీలమ్మ ఆగింది. ఆ ఇంజను చప్పుడైతే తానూ కళ్లు మూసుకునే చెప్పగలదు.

చప్పుడు చేయనిది ఏముందా అని చూసింది. ఎదురింటి మెట్లమీద మేకపిల్ల పడుకుని ఉంది.

"హుసేనమ్మ మెట్లమీద ఏముండాది?"

పిల్ల మెడ చాచింది. "ఏందో నల్లగా ఉండాది. సంచా?"

ప్రమీలమ్మ చెయ్యి తీసింది. "మేకపిల్ల" అని రక్షిత నవ్వింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేంది మే?"

"ఆ కన్ను అందరికీ అట్లే ఉంటాదనుకుంటి, అవ్వా."

ప్రమీలమ్మ తన ఎడమకన్ను మూసుకుని ఎదురింటివైపు చూసింది. మేకపిల్ల చెవి కదలడం కూడా తెలుస్తోంది. లేచి లోపలికి పోయి పట్టీ తెచ్చి పిల్ల ఎడమకంటికి అంటించింది.

పిల్ల పీక్కోబోతే చెయ్యి పట్టుకుంది. అద్దాలు పెట్టి, ఒలవమని ముందు చెనక్కాయల చేట పెట్టింది. గింజలు పొట్టులో, పొట్టు గింజల్లో పడుతున్నాయి. ప్రమీలమ్మ వాటిని ఏరి వేస్తోంది.

కాసేపటికి పిల్ల తలెత్తింది. "ఆ మేకపిల్ల ఇంగా ఆడనే ఉండాదా, అవ్వా?"

"నువ్వే చూసి చెప్పు" అంది ప్రమీలమ్మ.