సగంలో ఆగితే?

ఏ వాక్యాన్నైనా, ఏ బోర్డునైనా, ఏ పనినైనా సరే, అది సగంలో ఆగిపోతే ఏమవుతుందో తేల్చుకోనిదే బాబాయి దాన్ని ముందుకు కదలనివ్వడు. అందుకే అందరూ ఆయనకు సగం బాబాయి అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. రెండు మూడు చోట్ల విరిచి చూసుకొని, "ఎక్కడ ఆపినా బూతు రావడం లేదు, ఉండనీండి" అని ఆమోదించాడు.

జీవితమంతా అచ్చు కార్యాలయంలో ప్రూఫులు దిద్దిన మనిషి. పని విరమించాక, అన్న కూతురు నడుపుకుంటున్న చిన్న గ్రాఫిక్స్ గదిలో తలుపు పక్క కుర్చీని తనంతట తానే స్వీకరించాడు. రమ్మన్నవాళ్ళు లేరు, పొమ్మనే నోరు ఆ అమ్మాయికి లేదు. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి మెడ కొయ్యబారిపోయే పని ఆమెది. తెర మీద పొర మీద పొర పేర్చి, ఎవరి దుకాణానికో రంగులద్దడం, వాళ్ళు "ఇంకాస్త ఎరుపు" అంటే ఎరుపు చేయడం, "ఇంత ఎరుపా" అంటే మళ్ళీ మొదటికి రావడం. ఆ అలసట చాలదన్నట్టు, పక్కనుంచి బాబాయి గొంతు:

"తల్లీ, ఇక్కడ ఆగితే?"

ఆ మధ్య ఆయన రావడమే సగం పొద్దెక్కాక వస్తున్నాడు. అదీ చెప్పుల నిండా బురదతో.

"ఎక్కడికెళ్ళొస్తున్నావు బాబాయ్?"

"ఎక్కడికీ లేదమ్మా. దారిలో ఆగాను."

అప్పుడే తుడిచిన గచ్చు మీద అచ్చుతప్పుల్లా ఆయన అడుగులు. అమ్మాయి తుడుపుగుడ్డ అందుకొనేది. కొన్ని తప్పులను దిద్దడం కంటే తుడవడమే సుళువు.

ఆయన పట్టుదల ఎంతటిదో పక్కవీధి మందుల దుకాణంవాడిని అడగాలి. ఆ దుకాణం పైన రంగుదీపాల అక్షరాల్లో 'ల' ఒక్కటి ఉండుండి ఆరిపోయేది. వెలిగితే 'మందుల దుకాణం'. ఆరితే 'మందు దుకాణం'. బాబాయి లోపలికి వెళ్ళి, గొంతు సవరించుకొని చెప్పాడు: "బాబూ, మీ బహువచనం ఆరిపోయింది."

"ఏది ఆరిపోయిందండీ?"

"బహువచనం. మీ దుకాణానికి ఇప్పుడు ఏకవచనంలో వస్తున్నారు జనం. చూడండి, ఆ నిలబడ్డ ముగ్గురూ దగ్గుతున్నట్టున్నారా?"

దుకాణంవాడు ఆ ముగ్గురినీ చూసి, "ఎవరొస్తేనేం లెండి, సాయంత్రాలు సందడిగా ఉంది" అన్నాడు. బాబాయి మాత్రం ఆ 'ల' నిలకడగా వెలిగేదాకా ఆ గుమ్మం వదలలేదు.

ఇలా ఉండగా, ఒక మధ్యాహ్నం, బజారులో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆవిడ వచ్చి కూర్చుంది. తన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ తుడిచింది.

"మా వీధి తవ్వేశారమ్మా. మలుపులో 'దారి మూసివేయబడినది' అని బోర్డు పెట్టారు. దారితో పాటు నేనూ మూసేశాననుకుంటున్నారు జనం. ఈ నెల చూసి, నేనూ మూసేస్తా."

"చూసి మూసేయడం కళ్ళ పనమ్మా, దుకాణం పని కాదు" అన్నాడు బాబాయి.

ఆవిడ నవ్వింది గాని, ఆ నవ్వులో బలం లేదు. వర్తక సంఘంవాళ్ళు వారానికోసారి అందరికీ పంపే మెయిల్లో, అడుగున ఒక సన్న పట్టీకి చోటిస్తామన్నారట. అరచేతి పొడవు, అగ్గిపెట్టె ఎత్తు. అందులో అక్షరాలు కదలాలి. "మూయలేదన్న మాట కొట్టొచ్చినట్టు కనబడాలమ్మా. ఉత్తినే 'తెరిచి ఉంది' అంటే నమ్మరు. పుకారు 'మూసేశారు' అని కదా, జవాబు కూడా ఆ మాటతోనే ఉండాలి."

కదిలే పట్టీ చేయడంలో పెద్ద మర్మమేమీ లేదు. ఒక్కొక్క పొర మీద ఒక్కొక్క మాట రాసి, ఒక పొర చూపి, దాన్ని దాచి, ఇంకొకటి చూపితే, చూసే కన్ను తనకు తానే కదలికను కల్పించుకుంటుంది. అమ్మాయి ముందుగా 'కళ్ళజోళ్ళు' అన్న మాటను ఎడమ పక్కనుంచి జరుపుకొచ్చింది. అలా వచ్చేటప్పుడు మాటకు తోక ముందు కనబడుతుందని ఆమెకు తట్టలేదు.

"ఏమిటిది తల్లీ, 'జోళ్ళు' అంటోంది? ఆవిడ చెప్పులమ్ముతుందా?"

"ఆగు బాబాయ్, వెనకాలే 'కళ్ళ' వస్తోంది."

"కళ్ళు వచ్చేలోపు జోళ్ళు తొడుక్కొని వెళ్ళిపోతారమ్మా. పైగా ఆ పట్టీ అంచున ళ వత్తు తెగింది. పాపం, అక్షరానికి కాళ్ళు నరికావు."

వత్తు అతికించింది. జరగడం మానిపించింది. చివరికి 'కళ్ళజోళ్ళ దుకాణం మూసి' అన్నది కదలకుండా నిలబడితే, పైనుంచి 'వేయలేదు' అన్నది బంతిలా పడి, రెండుసార్లు ఎగిరి, దాని పక్కన కుదురుకొనేలా చేసింది. ఆ ఎగరడం చూసి తానే ముచ్చటపడింది. ఆ వారమంతటికీ ఆమెకు దక్కిన ముచ్చట అదొక్కటే.

ఇక్కడ తెలుగు క్రియను గురించి ఒక మాట చెప్పక తప్పదు. కొన్ని భాషల్లో కాదనేవాడు ముందే కాదంటాడు. మన క్రియ అలా కాదు. చేతులు, కాళ్ళు అన్నీ చూపించి, వ్యతిరేకార్థాన్ని మాత్రం తోకలో దాచుకుంటుంది. 'వస్తా' దాకా విని సంతోషించినవాడు 'ననుకోకు' దగ్గర నీరుగారిపోతాడు. తోక తెగితే తెలుగువాడి 'లేదు' ఎప్పుడూ 'ఉంది' వైపే నిలబడుతుంది. ఈ సంగతి తరగతిలో నిద్రపోయినవాళ్ళకు జీవితంలో తెలుస్తుంది.

బాబాయి తెర ముందుకు వంగాడు. "'మూసి' దగ్గర ఆగితే?"

"ఆగదు బాబాయ్. తిరుగుతూనే ఉంటుంది."

"తిరిగేది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందమ్మా. ఒకసారి మా పక్కింటాయన మీ నాన్నకి ఫోన్ చేసి 'మీ తమ్ముడు పోయాడండీ' అన్నాడు. లైను తెగింది. 'ఊరికి' అన్న మాట మర్నాడు గాని చేరలేదు."

"నాన్న ఏడ్చాడా?"

"ఏడ్చాడట. మర్నాడు నేను కనబడేసరికి తిట్టాడు. ఏడ్చిన ఖర్చంతా వసూలు చేసుకున్నాడు."

"నాకిక ఓపిక లేదు బాబాయ్. పంపేస్తున్నా" అంది అమ్మాయి. పంపేసింది.

రెండోనాడు కళ్ళజోళ్ళావిడ మళ్ళీ వచ్చింది. ఆవిడ ముఖంలో కోపం కూడా లేదు. కోపానికి కూడా కాస్త తీరిక కావాలి. చాలామంది ఆఫీసు కంప్యూటర్లలో మెయిల్ లోపలి బొమ్మలు కదలవట. మొదటి బొమ్మ దగ్గరే నిలిచిపోతాయట. ఊళ్ళో సగం మంది 'కళ్ళజోళ్ళ దుకాణం మూసి' అన్నంతవరకే చదివారు.

"పొద్దున్నుంచీ పరామర్శలమ్మా. ఒకాయన, తాళం వేసేలోపు తన జోడు తనకిచ్చెయ్యమన్నాడు. నేను మూయకముందే మీరు మూసేశారు."

అమ్మాయి తల వంచుకుంది. బాబాయి ఇప్పుడు 'నేను చెప్పలేదూ' అంటాడని మెడ బిగబట్టుకొని కూర్చుంది. ఆయన అనలేదు. ఆ వాక్యం మొదలుపెడితే సగంలో ఆగినా గుచ్చుకుంటుందని ఆయనకు తెలుసు. కుర్చీని ఆమె పక్కకు జరుపుకొని, "సంఘంవాళ్ళు ఇంకోవారం ఇస్తారట. పద తల్లీ, ఎక్కడ ఆగినా మంచిమాటే ఉండేలా చేద్దాం" అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు అలసట. బంతి ఎగరడం పోయింది. మెరుపులు పోయాయి. 'లేదండీ, మూయలేదు' అని మొదటి బొమ్మ. "చూశావా, తోకను ముందుకు తెచ్చి కట్టాం" అని బాబాయి మురిసిపోయాడు. 'కళ్ళజోళ్ళ దుకాణం తెరిచే ఉంది' అని రెండోది. మూడోది ఆయనే చెప్పాడు: 'గుంత పక్కన బల్లదారి ఉంది'.

"బల్లదారి ఉందని నీకెలా తెలుసు?"

"ఉండే ఉంటుందిలేమ్మా. గుంతన్నాక బల్ల ఉండదూ?"

ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలన్నది ఇంకో తగువు. అమ్మాయి చిటికెలో మారుస్తే, ఆయన కళ్ళు చికిలించి, కూడబలుక్కొని చదివి, "మూ... ఆఁ, పోయింది" అనేవాడు.

"నీ చూపు బాగానే ఉంది కదా బాబాయ్."

"నాకోసమా తల్లీ? జోడు పగిలినవాడే కదా ఈ పట్టీ చదవాల్సింది."

ఆమె చల్లారిన టీని పక్కకు నెట్టి, ఒక్కొక్క బొమ్మనూ ఆయన చదవగలిగినంతసేపు నిలబెట్టింది. పట్టీ ఇప్పుడు ముసలి ఎద్దులా నడిచింది. కాని ఎక్కడ ఆపినా నిజమే చెప్పింది.

మెయిల్ వెళ్ళిన మర్నాడు పొద్దున, ఉండబట్టలేక, అమ్మాయి తానే బజారు దారి పట్టింది. మలుపులో బోర్డు కనబడింది: 'దారి మూసివేయబడినది'. దాని ముందు ఒక పెద్దాయన పగిలిన కళ్ళజోడు చేత్తో పట్టుకొని, చదివి, వెనుదిరిగాడు. బోర్డు చాటునుంచి తెలిసిన గొంతు ఒకటి వినబడింది.

"ఆగండి. ఎంతవరకు చదివారు?"

"మూసేశారని ఉందిగా."

"అది సగమేనండీ. పైన 'వాహనాలకు' అని ఉంది, బురద కప్పేసింది. తుడుస్తూనే ఉన్నా, లారీ వచ్చి మళ్ళీ చల్లుతోంది. మీకేం చక్రాలు లేవుగా? చెయ్యివ్వండి."

చేతిలో తడిగుడ్డ, చీలమండల దాకా మట్టి. మలుపు నుంచి దుకాణం గుమ్మం దాకా గుంత అంచున బల్లలు పరిచి ఉన్నాయి. వాటిని అక్కడికి చేర్చిందెవరో ఆ బల్లల మీది అడుగులే చెబుతున్నాయి. ఆ అడుగులు అమ్మాయికి కొత్తవి కావు. ఇన్నాళ్ళుగా తన గచ్చు మీద తుడుస్తున్నవే.

ఆమె పెద్దాయన రెండో చెయ్యి పట్టుకుంది. బాబాయి దొరికిపోయిన పిల్లవాడిలా చూసి, "దారిలో ఆగానని చెప్పానుగా" అని గొణిగాడు.

ముగ్గురూ బల్ల ఎక్కారు. నడిమికి వచ్చేసరికి అది ఊగింది. అమ్మాయి నిలబడిపోయింది.

"సగంలో ఆగకు తల్లీ" అన్నాడు బాబాయి కంగారుగా. "పడిపోతాం."

"ఈ మాట అంటున్నది నువ్వేనా బాబాయ్?"

"ముందు నడు. వ్యాకరణం అవతల చూసుకుందాం."

దుకాణంలో అప్పటికే ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. కళ్ళజోళ్ళావిడ ఒక పక్క అద్దాలు తుడుస్తూ, ఒక పక్క వాళ్ళకు జవాబులిస్తూ, ఊపిరాడకుండా ఉంది. పెద్దాయన గుమ్మంలోనే నిలబడి, పగిలిన జోడును పైకెత్తి చూపాడు.

"కొత్త జోళ్ళు కావాలమ్మా."

ఆవిడ పెద్దాయన ముఖం చూసింది. ఆ వెనక గడప బయటే ఆగిపోయిన బాబాయి బురదలో నానిన చెప్పులకేసి చూసింది.

"మీకు ఇప్పుడే చూపిస్తానండీ" అంది. "ఈ అన్నయ్యగారి జోళ్ళే, పక్క దుకాణంలో కొనాలి."