లోతైన సింకు

సింకుల దుకాణంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆయనను బజారంతా సింకుల మాస్టారు అనేది. కొనడానికి మగవాడొక్కడే వస్తే ఆయన అమ్మేవాడు కాదు. "గిన్నెలు తోమే మనిషిని తీసుకురా బాబూ. నీ కొలతకు ఆవిడకు జాకెట్టు కుట్టిస్తావా?" అని నవ్వుతూ వెనక్కి పంపేవాడు. వచ్చినావిడను సింకు ముందు నిలబెట్టి, చేత్తో అడుగు భాగం తాకించి గానీ బేరం మొదలుపెట్టేవాడు కాదు.

తన ఇంటికొచ్చేసరికి ఆ మాటే మరిచాడు. భార్య పుట్టింటికి వెళ్ళిన వారంలో, ఆమెను సంతోషపెడదామని, దుకాణంలోకెల్లా లోతైన సింకు తెచ్చి బిగించాడు. గట్టు ఎంత ఎత్తు కట్టాలని మేస్త్రీ అడిగితే తనే నిలబడి చూపించాడు. ఆయన ఆరడుగుల మనిషి. ఆమె ఆయన భుజానికి కూడా రాదు.

ఆమె తిరిగొచ్చి, "ఎంత బాగుందో!" అంది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు మునివేళ్ళ మీద నిలబడి, అంచుకు పొట్ట ఆనించి, లోపలి గిన్నెలు అందుకుంటూ వచ్చింది.

ఇప్పుడామె నడుము పట్టేసింది. నిలబడి పనిచేయొద్దని డాక్టరు చెప్పాక గిన్నెలు మాస్టారి వంతుకొచ్చాయి.

"ఒక్కసారైనా చెప్పొచ్చు కదే?" అన్నాడు ఒకనాడు తోముతూ.

"ఊరందరినీ అడిగే మనిషి, నన్నూ అడుగుతారులే అనుకున్నాను," అంది మంచం మీంచి. "తర్వాత అలవాటైపోయింది."

ఆయన ఇంకో గిన్నె అందుకున్నాడు. గట్టు ఆయన నడుముకు సరిగ్గా వచ్చింది. వంగకుండానే చేయి అడుగుదాకా అందుతోంది. అరగంట తోమినా ఒంట్లో ఎక్కడా నొప్పి పుట్టలేదు. పుడితే బాగుండునని ఆయనకు అనిపించింది.